గుండెకు కావలి

మానవుని గుండె పుట్టినది మొదలు క్షణమైనను విశ్రమింపక కొట్టుకొనుచుండును. ఒక్కొక్కప్పుడు దాని లయ తప్పును. అప్పుడు క్రింది గదులు రక్తమును నెట్టజాలక ఊరక వణకును. కొన్ని నిమిషములలో విద్యుద్ఘాతమిచ్చి సరిచేయనిచో ప్రాణము దక్కదు. ఆ ఘాతమిచ్చు యంత్రమును రోగి దేహములోనే అమర్పవచ్చునని లోకమునకు చూపినవాడు డాక్టరు మిషెల్ మిరోవ్‌స్కీ.

ఆయన 1924లో పోలండు దేశపు వార్సా నగరమున ఒక యూదుల కుటుంబమునందు జన్మించెను. 1939లో జర్మను సేనలు దండెత్తిరాగా, పదునైదేండ్ల ఆ బాలుడు ఇల్లు విడిచి తూర్పుదిక్కునకు తరలిపోయెను. యుద్ధము ముగియునప్పటికి కుటుంబములో ఆయన యొక్కడే మిగిలెను. పిదప ఫ్రాన్సులోని లియోన్ నగరమున వైద్యవిద్య నభ్యసించి, ఇజ్రాయేలులో వైద్యుడయ్యెను.

అచ్చట హారీ హెల్లర్ అను పెద్ద వైద్యుడు ఆయనకు గురువు. హెల్లరు గుండె పలుమారులు లయ తప్పి, తుదకు 1966లో ఆయన ప్రాణము పోయెను. అట్టి రోగిని ఎల్లకాలము ఆసుపత్రిలో ఉంచుట కుదరదు. ఇంటికి పంపినచో కాపాడువారుండరు. యంత్రమునే చిన్నదిగా చేసి రోగి వెంట పంపిన నేమని మిరోవ్‌స్కీ తలపోసెను. అది జరుగని పనియని పెద్దలు పలువురు వారించిరి.

ఆయన 1968లో అమెరికాలోని బాల్టిమోరు నగరము చేరి, మరుసటి యేట డాక్టరు మోర్టన్ మోవర్‌తో కూడి పని మొదలుపెట్టెను. ఒక కుక్క దేహమున యంత్రమును అమర్చి, దాని గుండె లయను కావలెనని తప్పించిరి. కుక్క కూలిపోయెను, యంత్రము ఘాతమియ్యగనే లేచి నిలిచెను. ఆ చలనచిత్రమును చూచియు కొందరు, కుక్కకు పడిపోవుట నేర్పినారని ఆక్షేపించిరి. మిరోవ్‌స్కీ కోపగింపక, గుండె రేఖలు కూడ కనబడునట్లు మరల చిత్రము తీయించెను.

1980 ఫిబ్రవరి 4వ తేదీన ఆ నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఒక స్త్రీకి మొదటిసారిగా ఆ యంత్రమును అమర్చిరి. 1985లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చెను. 1990లో మిరోవ్‌స్కీ పరమపదించెను.

నేడు లక్షలాది జనుల దేహములలో ఈ కావలి యున్నది. ధనిక దేశములలో దాని వాడుక విరివి. వెల హెచ్చగుటచే మన దేశమున మిక్కిలి తక్కువ. కనిగిరి ప్రాంతపు మిరపచేలలో ఒక రైతు గుండె లయ తప్పినచో, పెద్ద ఆసుపత్రి చేరులోపల ఆ కొన్ని నిమిషములు గడచిపోవును. యంత్రము అవసరమైనవాడు అట్టి రైతే. వెల తగ్గించి దానిని ఆతనికి అందించుట మిరోవ్‌స్కీ తరువాతివారికి మిగిలిన పని.