విల్ట్ చాంబర్లేన్

బాస్కెట్‌బాల్ ఆటయందు మేటి యెవరని మా విద్యార్థులు వాదించుకొనుట మేము తరచుగా వినుచుందుము. ఒకరు మైకేల్ జోర్డాన్ అనియు, మరియొకరు లెబ్రాన్ జేమ్స్ అనియు పట్టుపట్టుదురు. ఈ వాదము నేడు పుట్టినది కాదు. అరువది సంవత్సరములకు పూర్వమే అమెరికాలో ఇద్దరు క్రీడాకారులనుగూర్చి ఇట్టి తగవు బయలుదేరెను. వారిలో ఒకడగు విల్ట్ చాంబర్లేన్ చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇతడు 1936వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. పెరిగి ఏడడుగుల పైచిలుకు పొడగరి యయ్యెను. ఉన్నత పాఠశాలలోనే పేరు తెచ్చుకొని, కాన్సస్ విశ్వవిద్యాలయమున చేరెను. ఈ ఆటను 1891లో కనిపెట్టిన జేమ్స్ నెయిస్మిత్ పూర్వము పనిచేసినది అచ్చటనే. 1957లో కళాశాలల తుది పోటీయందు అతని జట్టు మూడుమారులు అదనపు కాలమాడి, ఒక్క పాయింటుతో ఓడిపోయెను. ఆ ఓటమి అతనిని చిరకాలము బాధించెను. 1959లో అతడు ఫిలడెల్ఫియా వారియర్స్ అను వృత్తిక్రీడా జట్టులో ప్రవేశించెను.

1961-62 ఆటల కాలమున అతడు సగటున ఆటకు 50.4 పాయింట్లు సంపాదించెను. 1962 మార్చి 2వ తేదీ రాత్రి హెర్షీ అను చిన్న పట్టణమున, న్యూయార్క్ జట్టుపై, ఒక్క ఆటలో నూరు పాయింట్లు చేసెను. చూచినవారు నాలుగువేల చిల్లర మాత్రమే. ఆ ఆటను చలనచిత్రముగా తీసినవారు లేరు. అయినను ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుని బహుమానము అతనికి రాలేదు! క్రీడాకారులే ఓటు వేసి, సగటున 18.9 పాయింట్లు మాత్రమే చేసిన బాస్టన్ జట్టువాడగు బిల్ రస్సెల్‌ను ఎన్నుకొనిరి. ఎదుటివారి బంతి నడ్డుటయందును, తనవారిని గెలిపించుటయందును రస్సెల్‌ను మించినవాడు లేడు. పదుమూడేండ్లలో అతని జట్టు పదునొకండుమారులు విజేత యయ్యెను. ఆ వసంతమున చాంబర్లేన్ జట్టు సయితము ఏడవ ఆటలో రెండు పాయింట్లతో బాస్టన్‌కే లోబడెను.

ఓటమికి చాంబర్లేన్ ఒక్కడే కారకుడనుట న్యాయము కాదు. రస్సెల్‌కు కుదిరిన తోడివారు ఇతనికి చాలకాలము కుదరలేదు. కాని ఒక లోపమును మేము క్షమింపజాలము. ఎవరును అడ్డు లేక విసరు ఫ్రీ త్రోలలో అతడు బలహీనుడు. మోకాళ్ల నడుమనుండి రెండు చేతులతో బంతిని పైకి విసరు పద్ధతి అతనికి కలిసివచ్చెను; నూరు పాయింట్ల రాత్రి 32 ఫ్రీ త్రోలలో 28 పడినది ఆ పద్ధతివలననే. అది ఆడువారి విసరుడని నవ్వుదురను సిగ్గుచే దానిని మానివేసెను. అది తప్పని ఎఱిగియే మానితినని తన జీవితకథలో తానే ఒప్పుకొనెను. 1967-68లో నూటికి 38 మాత్రమే పడినవి. (మేమొక బాలునికి ఈ పద్ధతి చూపగా, వాడును నవ్వి తప్పించుకొనెను.)

పాయింట్ల యాశ తగ్గించుకొని బంతిని తోడివారికి అందించిన 1967లో, వరుసగా ఎనిమిదేండ్లు గెలిచిన బాస్టన్‌ను ఓడించి, అతని జట్టు విజేత యయ్యెను. మరుసటి సంవత్సరము 702 అందింపులతో అందరికంటె ముందుండెను.

ఇంత పోటీ యున్నను రస్సెల్ అతనికి మిత్రుడు. కృతజ్ఞతా పండుగనాడు చాంబర్లేన్ ఇంట అతడు భుజించుట వాడుక. 1969లో ఈ స్నేహము చెడెను. తుది ఆటలో చాంబర్లేన్ మోకాలు నొచ్చి బయటికి వచ్చెను. మరల ఆడుదునన్నను శిక్షకుడు పంపలేదు. లాస్ ఏంజెలెస్ జట్టు రెండు పాయింట్లతో ఓడెను. అట్టి ఆటను విడిచిపోరాదని రస్సెల్ బహిరంగముగా నిందించెను. పిమ్మట ఇరువది సంవత్సరములకు పైగా ఇద్దరికిని మాటలు లేవు.

చాంబర్లేన్ 1972లో మరియొకమారు విజేత యయ్యెను. ఆ కాలమున అతని జట్టు వరుసగా 33 ఆటలు గెలిచెను. 1973లో, 31,419 పాయింట్లతో, ఆట మానెను. మొరటువాడని కొందరనిరి గాని, ఆడిన 1,045 లీగు ఆటలలో తప్పులు మితిమీరి వెలికి పంపబడినది ఒక్కమారును లేదు.

గెలుపే ముఖ్యమైనచో మేము రస్సెల్‌నే ఎన్నుకొందుము, విద్యార్థులు ఒప్పుకొనకపోవచ్చును. రస్సెల్ మాత్రము తన నింద తప్పని తెలిసికొని, చాంబర్లేన్‌ను క్షమాపణ వేడెను. 1999 అక్టోబరు 12వ తేదీన చాంబర్లేన్ తన 63వ యేట హృద్రోగముచే మరణించెను. స్మారక ప్రార్థనలో నిలిచి మాటలాడినవారిలో రస్సెల్ ఒకడు.