కర్రతో కథ చెప్పిన తిల్మన్

ఈసారి గోడపత్రికలో నేను జర్మనీ దేశపు శిల్పి తిల్మన్ రీమెన్‌ష్నైడర్ గురించి రాస్తున్నాను. ఇంటిపేరు పలకడం కష్టం. అందుకే తిల్మన్ అనే రాస్తాను.

తిల్మన్ సుమారు 1460లో పుట్టాడు. 1483లో వూర్జ్‌బర్గ్ అనే పట్నానికి వచ్చి వేరేవాళ్ళ దగ్గర పనికి చేరాడు. 1485లో పెళ్ళయ్యాక సొంత పనిశాల పెట్టుకున్నాడు.

ఆ కాలంలో అక్కడ చాలామందికి చదువు రాదు. చర్చిలో బొమ్మలు చూసి బైబిలు కథలు తెలుసుకునేవాళ్ళు. ఎక్కువమంది బొమ్మలకు రంగులు వేయించేవాళ్ళు. తిల్మన్ మాత్రం కొన్నిటికి నిండా రంగులు లేకుండానే వదిలేశాడు. అప్పుడు బాధైనా, భయమైనా ముఖం గీతల్లో, బట్టల మడతల్లో, చేతివేళ్ళలో ఉలితోనే చూపించాలి కదా. అతను లిండెన్ అనే మెత్తటి కర్ర వాడాడు, మన కొండపల్లి బొమ్మలకు పొణికి కర్ర వాడినట్టు.

రోథెన్‌బర్గ్ చర్చి కోసం 1501 నుంచి 1505 వరకు ఏసు చివరి భోజనం కథ చెక్కాడు. మధ్యలో ఏసును పెట్టలేదు. మోసం చేసిన యూదాను డబ్బు సంచితో నిలబెట్టాడు. ఏసు అతనికి కూడా రొట్టె ఇస్తున్నాడు. ఆ ఫోటో మా అమ్మకు చూపించాను. అమ్మకు చదువు రాదు, ఆ కథ కూడా తెలీదు. అయినా తప్పు చేసినోడు ఎవరో వేలు పెట్టి చూపించేసింది!

1520లో తిల్మన్ పట్నానికి మేయర్ అయ్యాడు. 1525లో రైతులు తిరగబడ్డారు. అడవిలో కట్టెలు, వాగులో చేపలు తమకూ దక్కాలని అడిగారు. ఇది చదివితే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఒకసారి అవ్వ కట్టెల మోపు దారిలోనే దింపించేశారు. ఆ రోజు వట్టి చేతులతో ఇంటికొచ్చింది.

పట్నాన్ని ఏలే బిషప్పు రైతుల మీద యుద్ధానికి సాయం అడిగితే పట్నం పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళలో తిల్మన్ కూడా ఉన్నాడు. రైతులు ఓడిపోయారు. తిల్మన్‌ను కోటలో బంధించి హింసించారు, ఆస్తి చాలా లాక్కున్నారు. తర్వాత అతనికి పెద్ద పనులు రాలేదు. 1531లో చనిపోయాడు. జనం అతన్ని మరిచిపోయారు. 1822లో సమాధి రాయి దొరికాకే మళ్ళీ తలుచుకున్నారు.

మా తాత నాగలి, గరిటెలు చెక్కుతాడు. సెలవుల్లో తాత దగ్గర ఉలి పట్టడం నేర్చుకుంటాను. ముందు మా అవ్వనీ, దింపేసిన మోపునీ చెక్కుతాను. చదువు రాని మా ఊరివాళ్ళు చూసి ఏం జరిగిందో చెప్పగలిగితే, అప్పుడు నాకు పని వచ్చినట్టే.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని