కడపలో బ్రౌన్ బంగళా

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. కుంఫిణీ కొలువులో చేరి 1820లో కడపకు వచ్చాడు. ఈనాడు పశ్చిమ ప్రకాశమని వ్యవహరించే కంభం, మార్కాపురం ప్రాంతాలు ఆనాడు కడప మండలాంతర్భూతాలు. 1858లో కర్నూలు మండలంలోను, 1970లో ప్రకాశంలోను చేరాయి.

ఆ మండలకేంద్రంలో బ్రౌన్ ఒక బంగళా కొని, స్వధనంతో పండితులను, లేఖకులను అందులో నియోగించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి కార్యభారం వహించాడు. ఒక్కొక్క కావ్యానికి లభించిన తాళపత్ర ప్రతులను కూర్చి, పాఠభేదాలను గుర్తించి, శుద్ధప్రతిని కాగితంపై వ్రాయడం అక్కడి నిత్యకృత్యం. జూలూరి అప్పయ్య మొదలైన పండితులు బ్రౌన్ కోరికపై కావ్యాలకు వ్యాఖ్యలు రచించారు. ఈ వ్యయంచేత ఆయన ఋణగ్రస్తుడయ్యాడు. అయినా కార్యం విడువలేదు. 1829లో వేమన పద్యాలు, 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువడ్డాయి. ఉద్యోగవిరమణానంతరం లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న అక్కడే కీర్తిశేషుడయ్యాడు.

కాలక్రమాన బంగళా శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషివల్ల ఆ స్థలంలోనే బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలసింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందింది.

గృహస్వామి నామం చిరస్థాయి అయింది. ఆ గృహంలో దీపకాంతిలో ఆకులు తిరగవేసిన లేఖకులలో పలువురి పేర్లయినా మిగలలేదు. గ్రంథపరిష్కరణ చరిత్రను వ్రాసేవారు ఈ ఋణాన్ని విస్మరించరాదు. బ్రౌన్ ధనఋణాలు ఏనాడో ముగిశాయి. ఇది మాత్రం తీరలేదు.