రామదాసు చరిత్రము – ప్రజాధన ధర్మము

ప్రజాధనమును చేతబట్టిన ఉద్యోగికి రెండు పరీక్షలు కలవు. ఆ ధనమును తన యింటికి చేర్చుకొనకుండుట మొదటిది. తనకు మిక్కిలి ప్రియమైన సత్కార్యమునకైనను అనుమతి లేక దానిని వినియోగింపకుండుట రెండవది. లంచమును విషముగా నెంచినవారు సైతము రెండవ పరీక్షయందు తడబడుట కలదు. భద్రాచల రామదాసుగా ఆంధ్రదేశమంతట పూజింపబడుచున్న కంచర్ల గోపన్న జీవితమున ఈ రెండవ పరీక్షయే ప్రధాన ఘట్టము.

గోపన్న 17వ శతాబ్దివాడు. ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి అతని జన్మస్థానము. తండ్రి లింగన మంత్రి, తల్లి కామాంబ. గోలకొండ రాజ్యమున ప్రధానపదవుల నలంకరించిన అక్కన్న, మాదన్నలు అతనికి మేనమామలు. రఘునాథ భట్టాచార్యులు గురువనియు, కబీరుదాసు తారకమంత్రము నుపదేశించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. బాల్యము నుండియు శ్రీరాముని యందు అచంచలమైన భక్తి, అతిథులకు అన్నము పెట్టుటయందు ప్రీతి అతనికి సహజగుణములు. దాశరథీ శతకకర్తగా, కీర్తనకారుడుగా అతనిని ఎరుగని తెలుగువాడు లేడు.

అతడు రాజోద్యోగమున ప్రవేశించిన కాలమున గోలకొండ రాజ్యపు రెవెన్యూ విధానము ఎట్టిదో తెలిసికొనవలెను. 1618 నుండి 1622 వరకు మచిలీపట్టణమున ఆంగ్ల వర్తక సంఘ ప్రతినిధిగా నున్న విలియం మెథ్వోల్డ్ దానిని వర్ణించి యున్నాడు. ప్రాంతముల పాలనాధికారమును అధికమొత్తము చెల్లింపనొప్పుకొన్నవానికి గుత్తకిచ్చుట ఆనాటి పద్ధతి. గుత్త సొమ్ము తీర్చి, తన లాభమును కూడ రాబట్టుకొనుటకు అధికారి క్రింది వారిని పీడించును. వారు రైతును పీడింతురు. బాకీపడిన యొక అధికారి బెత్తపు దెబ్బలకు ప్రాణములు గోల్పోయిన వృత్తాంతమును కూడ మెథ్వోల్డ్ పేర్కొనెను. పదవి సరకైనచోట లంచము వర్తకమగును. అట్టి రాజ్యమున స్వలాభము నాశింపని యుద్యోగి దొరకుట అరుదు.

మేనమామల ప్రాపకమున గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించెను. ఇది గోదావరీ తీరపు అరణ్యప్రాంతము. కోయలు, కొండరెడ్లు నివసించు పల్లెలు, దట్టమైన అడవులు, వర్షాకాలమున దాటరాని వాగులు. గోలకొండ బహుదూరము. అట్టిచోట తహసీలుదారే ప్రభుత్వము. శిస్తు వసూలు చేయువాడు, దానిని భద్రపరచువాడు, కోటకు పంపువాడు అతడే. పైనుండి విచారించువాడు సమీపమున లేడు. దూరము, ఏకాధికారము కలిసినచోట మనుష్యుని మనస్సాక్షి తప్ప వేరు కావలి యుండదు.

గోపన్న మనస్సాక్షి నిర్మలమైనది. అతడు రైతును పీడించెనని గాని, రాజధనముతో ఇల్లు కట్టుకొనెనని గాని చెప్పు కథ యొక్కటియు లేదు. అయితే భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు కనుగొని, తాటాకుల పందిరి క్రింద పండ్లు నివేదించి కొలుచుచున్న సీతారామ లక్ష్మణ విగ్రహములను చూచినప్పుడు అతని హృదయము ద్రవించెను. ఆలయ నిర్మాణమునకు సంకల్పించి మొదట ప్రజల నుండి విరాళములు సేకరించెను. అవి చాలకపోయెను. వసూలైన శిస్తు చేతిలో నుండెను. ప్రభువు అనుమతి ముందుగా పొందక ఆ సొమ్మును గోపుర ప్రాకారములకు, స్వామివారి ఆభరణములకు వెచ్చించెను. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని జనశ్రుతి.

విషయము అబుల్ హసన్ కుతుబ్ షాకు తెలిసెను. తానీషాగా ప్రసిద్ధుడైన ఈ ప్రభువు 1672 నుండి 1687 వరకు పాలించినవాడు. బాకీ తీర్చలేని గోపన్నను గోలకొండ కోటలో బంధించిరి. కారాగారవాసము పండ్రెండేండ్లు సాగెనని ప్రసిద్ధి. మేనమామలు రాజ్యమున అంతటివారైనను ఆ బాకీ మాఫీ కాలేదు. రామదాసు బందీఖానాయని నేటికిని కోటలో చూపబడుచున్న చీకటిగదిలో గోడపై దేవతామూర్తులు కలవు. ఆ చెరలోనే వెలువడినవిగా చెప్పబడు కీర్తనలలో నొకదానియందు ఏ ఆభరణము ఎవరికి చేయించెనో, ఎంత వ్యయమాయెనో వరుసగా విన్నవించుకొనెను. సీతమ్మ పతకము మొదలు శత్రుఘ్నుని మొలత్రాడు వరకు అందు లెక్క కలదు. కాని లెక్క చూడవలసిన ప్రభువు ఒకడు, లెక్క విన్న దైవము మరియొకడు. గోపన్న దుఃఖమంతయు ఈ వ్యత్యాసమున నున్నది.

తుదకు రామలక్ష్మణులే సేవకుల రూపమున వచ్చి బాకీ చెల్లించిరని భక్తజనుల విశ్వాసము. ఆ కథయందును బాకీ రద్దు కాలేదు. పూర్తిగా చెల్లింపబడి, రసీదు పుచ్చుకొనబడినది. ప్రజాధనము తిరిగి కోశమునకు చేరవలసినదేయను న్యాయమును భగవంతుడు కూడ మన్నించెనని ఆ కథ భావము. విడుదలైన గోపన్న శేషజీవితమును భద్రాచలమున స్వామిసేవకు సమర్పించెను.

బసవాది ప్రమథుల చరిత్ర చదివినవారికి ఇట్టి సందర్భము క్రొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బిజ్జలుని భాండాగారమునకు బసవేశ్వరుడు అధికారి. రాజధనమును జంగమములకు దోచిపెట్టుచున్నాడని అతనిపై కొండెములు చెప్పిరి. బసవేశ్వరుడు వెనుదీయక ధనమును లెక్కింపజేయగా కొరత కానరాలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. కాయకము వలన వచ్చినదే దాసోహమునకు తగును; పరుల సొమ్ముతో చేసిన దానము దాసోహము కాదు. అయిదక్కి మారయ్య నిత్యము తెచ్చు బియ్యము కంటె ఒకనాడు అధికముగా తేగా, మిక్కిలిని తిరిగి యిచ్చి రమ్మని భార్య లక్కమ్మ పంపివేసెను. ఆ పిడికెడు గింజలు దొంగసొత్తు కావు. అయినను నాటి అవసరమునకు మించినవగుటచే ఆమె ఒల్లలేదు.

గోపన్న చరిత్రము నేటి కార్యాలయములకు కూడ బోధించునది కలదు. ఉద్యోగి సజ్జనుడగుట చాలదు. ఏర్పాటు కూడ సరిగా నుండవలెను. వసూలు చేయు చేయి, ఖర్చునకు ఉత్తరువిచ్చు చేయి వేరుగా నుండవలెను. సొమ్ము ఆలస్యము లేక ఖజానా చేరవలెను. గ్రామపు లెక్కలను ఏటేట పై అధికారి తనిఖీ చేయు జమాబందీ వంటి పద్ధతులు పుట్టినది ఇందుకొరకే. సంవత్సరాంతముననే లెక్క అడిగియున్నచో గోపన్న బాకీ లక్షలకు పెరిగెడిది కాదు. తనిఖీ సజ్జనునకు అవమానము కాదు, అతనికి రక్ష.

తానీషా కాలము నుండి శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఏర్పడినదని ప్రతీతి. నేడు తెలంగాణ ప్రభుత్వము భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఆ ఆలయమునకు తలంబ్రాలను, పట్టువస్త్రములను సమర్పించుచున్నది. దేవుడు వాడే, గుడి అదే. ఉత్తరువు లేక వెచ్చించిన ధనము ఒక మహాభక్తుని చెరపాలు చేసినది. ఉత్తరువుతో, నలుగురు చూచుచుండగా ఇచ్చిన ముత్యములు తరతరములుగా మంగళప్రదములై నిలిచినవి.