కంట్లో పువ్వుకు మందు వెతికిన ఫిలతోవ్

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. దెబ్బ తగిలినా, పుండు పడినా అది తెల్లబడుతుంది. దాన్నే మన పెద్దలు కంట్లో పువ్వు అంటారు. లోపల కన్ను బాగానే ఉన్నా చూపు ఆగిపోతుంది. ఆ పొర తీసి మంచిది అతికించాలంటే ముక్క ఎక్కణ్ణుంచి తేవాలి? వ్లాదిమిర్ పెత్రోవిచ్ ఫిలతోవ్ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన 1875లో రష్యాలోని పెన్జా ప్రాంతంలో మిఖైలోవ్కా గ్రామంలో పుట్టారు. తండ్రి కూడా వైద్యుడే. 1897లో మాస్కో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేశారు. 1903లో నల్ల సముద్రం ఒడ్డునున్న ఒడెస్సా చేరి, అక్కడే స్థిరపడ్డారు.

అప్పటికి జంతువుల కార్నియా అతికించి చూసినవారు విఫలమయ్యారు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు, గాయం వల్ల తీసేయక తప్పని ఒక బాలుడి కంటి నుంచి పొర తీసి మరొకరికి చూపు తెప్పించారు. దారి దొరికింది కానీ, అలాంటి కళ్లు ఎన్ని దొరుకుతాయి? 1912లో ఫిలతోవ్ చేసిన మొదటి ప్రయత్నంలో అతికించిన పొర మసకబారింది. ఆయన వెనకడుగు వేయలేదు.

ఈలోగా 1916లో మరో మార్గం కనిపెట్టారు. చర్మాన్ని గొట్టంలా చుట్టి, రక్తప్రసరణ తెగకుండా రెండు చివరలూ ఉంచి, గాయమైన చోటికి మెల్లగా చేర్చడం. ప్లాస్టిక్ సర్జరీలో అది ఎందరికో ముఖాన్ని తిరిగిచ్చింది.

1931లో చనిపోయినవారి కంటి పొరను చల్లగా నిల్వచేసి అతికించారు. అది నిలిచింది. బతికున్నవారి కన్ను అరుదు, చనిపోయినవారి కన్ను అందరికీ అందేది. కొరత తీరే దారి అదే. 1936లో ఒడెస్సాలో ఆయన నాయకత్వాన నేత్రవైద్య సంస్థ ఏర్పడింది. నిల్వచేసిన కణజాలంతో ఇతర రోగాలూ నయమవుతాయని ఆయన నమ్మారు. ఆ భాగం మాత్రం నిరూపణకు నిలవలేదు. 1956లో ఒడెస్సాలోనే కన్నుమూశారు.

ముక్క ఎక్కణ్ణుంచి అన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి తెల్లగుడ్డు నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండపొర టెరీజియం. దాన్ని ఊరికే కోసేస్తే తరచుగా మళ్లీ పెరుగుతుంది. అందుకే ఖాళీ అయిన చోట అదే రోగి కంటి పైరెప్ప కిందినుంచి తీసిన పలుచని పొర అతికిస్తారు. ఆ పొర చాలకపోతే, గ్లకోమా ఆపరేషన్‌కు దాన్ని మిగల్చాల్సివస్తే, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొర వాడతారు. తిరగబెట్టడం మాత్రం సొంత పొరతోనే తక్కువ.

కార్నియాకు సొంత ముక్క ఉండదు, ఇంకొకరు ఇవ్వాలి. మరణించిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి కాబట్టి ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఫిలతోవ్ కథ బడిలో చెప్పినప్పుడు ఈ సంగతీ చెబితే, పిల్లలే ఆ మాటను ఇంటికి చేరుస్తారు.