తెలుగింటి అల్లుడు చింతామణి దేశ్‌ముఖ్ - జాతీయ సేవ నిర్బంధమా, స్వచ్ఛందమా?

మనలో చాలామందికి పెన్షన్ జమ అయ్యే స్టేట్ బ్యాంకు 1955 జూలై 1న పుట్టింది. మనం సర్వీసులో ఉండగా జీతంలోంచి ప్రీమియం కట్టిన జీవిత బీమా 1956లో ప్రభుత్వపరమయింది. ఈ రెండూ జరిగినప్పుడు కేంద్ర ఆర్థిక మంత్రిగా ఉన్నవారు శ్రీ చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు కూడా ఆయనే. ఈ సంగతులు మిత్రులలో చాలామందికి తెలిసినవే. అయితే మన పిల్లలు కళాశాలల్లో చేరిన జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్., వెనుక కూడా ఆయన ఆలోచన ఒకటి ఉన్నదని, ఆ ఆలోచనను దేశం సగం తీసుకుని సగం పక్కన పెట్టిందని తెలిసినవారు తక్కువ. ఆ మహనీయుని జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకుందాం.

దేశ్‌ముఖ్ గారు 1896 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, మహారాష్ట్రలోని రాయగఢ్ కోట దగ్గర నాతే అనే గ్రామంలో జన్మించారు. తండ్రి ద్వారకానాథ్ గారు న్యాయవాది. చదువులో ఆయనకు సాటి వచ్చినవారు లేరు. 1912లో బొంబాయి మెట్రిక్యులేషన్ పరీక్షలో మొదటి స్థానం సంపాదించి, సంస్కృతానికి ఇచ్చే జగన్నాథ్ శంకర్‌సేఠ్ స్కాలర్‌షిప్‌ను గెలుచుకున్నారు. ఆ సంస్కృతం జీవితాంతం ఆయన వెంట ఉన్నది. కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీలోకి అనువదించారు. గాంధీజీ సూక్తులను సంస్కృత శ్లోకాలుగా కూర్చారు.

1915లో ఆయన ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడ వృక్షశాస్త్రం చదువుకున్నారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. 1916లో బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చింది. చదువుకునే కుర్రవాళ్ళు పుస్తకాలు మూసి యుద్ధరంగానికి వెళ్ళారు, కళాశాలలు బోసిపోయాయి. దేశానికి సేవ చేస్తాం గాని తుపాకి పట్టబోమని అన్నవారిని ట్రిబ్యునళ్ళ ముందు నిలబెట్టారు. కొందరికి అంబులెన్సు పని, వ్యవసాయం పని అప్పగించారు. దేనికీ ఒప్పుకోనివారిని జైలుకు పంపారు. దేశం తన యువకుల నుండి ఏమి అడగవచ్చు, ఏమి అడగరాదు అనే ప్రశ్న అప్పుడు ఆ దేశంలో ఇంటింటా నలిగింది. అలాంటి రోజుల్లో అక్కడ చదువుకున్న దేశ్‌ముఖ్ గారు 1918లో ఐ.సి.ఎస్. పరీక్షలో ప్రథములుగా నిలిచి స్వదేశం చేరుకున్నారు.

ఆయన ఉద్యోగం మన ఆదిలాబాదుకు ఎగువనే ఉన్న అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో సాగింది. భూమి శిస్తు సెటిల్‌మెంటు మొదలు ఆర్థిక శాఖ దాకా అన్ని పనులూ చేశారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్యదర్శులలో ఒకరుగా వెళ్ళారు. 1939లో రిజర్వు బ్యాంకుకు వచ్చి, నాలుగేళ్ళలో, 1943 ఆగస్టు 11న గవర్నరయ్యారు. 1944లో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో జరిగిన ప్రపంచ ద్రవ్య సమావేశానికి వెళ్ళిన భారత ప్రతినిధి వర్గంలో సభ్యులుగా ఉన్నారు. దేశ విభజన నాటి లెక్కల చిక్కులు, 1949 జనవరి 1న రిజర్వు బ్యాంకు జాతీయం కావడం, అన్నీ ఆయన హయాంలోనే జరిగాయి. 1950లో నెహ్రూ గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి అయ్యారు.

ఇక ఆయన తెలుగింటి అల్లుడయిన ముచ్చట. మొదటి భార్య, ఇంగ్లండుకు చెందిన రోజినా గారు, 1949లో మరణించారు. తర్వాత ప్రణాళికా సంఘంలో పనిచేస్తున్న రోజుల్లో శ్రీమతి దుర్గాబాయి గారితో పరిచయం పెరిగి, 1953 జనవరి 22న వారి వివాహం నిరాడంబరంగా జరిగింది. నెహ్రూ గారు సాక్షి సంతకం చేశారు. దుర్గాబాయి గారు రాజమండ్రి బిడ్డ. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో, 14 ఏళ్ళ వయసులో, ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే లోపలికి పోనివ్వకుండా ఆపిన ధీశాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు, న్యాయశాస్త్రం చదివారు, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ నేటికీ హైదరాబాదులో వైద్యం, విద్య అందిస్తున్నది. వాలంటీరు అనే మాటకు నిలువెత్తు రూపం ఆమె. ఆమెకు ఎవరూ డ్యూటీ వేయలేదు. తనంతట తాను ముందుకు వచ్చి చేసింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, ముందు దీనితో పని ఉన్నది.

1956 జూలైలో బొంబాయి నగరం విషయంలో కేంద్రం వైఖరి నచ్చక, అక్కడ ప్రజలపై జరిగిన కాల్పులకు బాధపడి, దేశ్‌ముఖ్ గారు ఆర్థిక మంత్రి పదవిని వదులుకున్నారు. పదవి పోయిన తర్వాత ఇంట్లో కూర్చోలేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి., అధ్యక్షులుగా 1961 దాకా పనిచేశారు. దేశంలోని కళాశాలలన్నిటినీ దగ్గరగా చూసే అవకాశం అక్కడ వచ్చింది. చదువుకున్న కుర్రవాడికి చేతిపని చిన్నతనంగా తోచడం, పల్లె ముఖం చూడకుండానే పట్టా పుచ్చుకోవడం ఆనాటి పెద్దలందరినీ కలవరపెట్టిన విషయం.

ఈ బాధ దేశంలో కొత్తది కాదు. 1950లోనే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి విశ్వవిద్యాలయ సంఘం నివేదిక నాటినుండి విద్యార్థుల చేత సేవ చేయించే మాట నడుస్తూనే ఉన్నది. నెహ్రూ గారు కూడా డిగ్రీకి ముందు సేవ ఉండాలని కోరుకున్నారు. 1959లో భారత ప్రభుత్వం ఈ విషయం తేల్చమని దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన జాతీయ సేవా కమిటీని నియమించింది. అదే ఏడు ఆయనకు ప్రభుత్వ సేవలో నిజాయితీకి గుర్తింపుగా రామన్ మెగసెసే పురస్కారం కూడా లభించింది.

కమిటీ ఇచ్చిన సలహా గట్టిది. ఉన్నత పాఠశాల ముగించి కళాశాలకు వెళ్ళదలచిన ప్రతి విద్యార్థీ 9 నెలల నుండి ఒక సంవత్సరం పాటు జాతీయ సేవ చేసి తీరాలన్నది. శారీరక శ్రమ, సంఘసేవ, క్రమశిక్షణ కలిసిన కార్యక్రమం అది. ఆ రోజుల్లో బ్రిటన్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కుర్రవాళ్ళు సైన్యంలో తప్పనిసరిగా పనిచేసేవారు. మన దేశంలో అటువంటి నిర్బంధం ఎన్నడూ లేదు. అందువల్ల దేశ్‌ముఖ్ గారి కమిటీ ఆలోచన యుద్ధానికి కాక, దేశ నిర్మాణానికి కుర్రవాళ్ళను పిలవడంగా ఉన్నది. అయితే పిలుపు అన్నాము గాని, అది హుకుం. అక్కడే చిక్కు వచ్చింది.

మొదటి చిక్కు డబ్బు. ఏటా అంతమంది కుర్రవాళ్ళకు ఏడాదిపాటు తిండి, బస, పని చూపే మనుషులు కావాలంటే ఖర్చు భారీగా ఉంటుంది. రెండవది మనసు. బలవంతాన గోతులు తవ్వినవాడు పనిని ప్రేమిస్తాడా, ద్వేషిస్తాడా? మరుసటి ఏడు, 1960లో, విద్యావేత్త శ్రీ కె.జి. సయ్యిదైన్ గారు అనేక దేశాల్లో యువజన సేవ ఎట్లా నడుస్తున్నదో పరిశీలించి నివేదిక ఇచ్చారు. సేవ ఇష్టపూర్వకంగానే ఉండాలని ఆయన తేల్చారు. దేశ్‌ముఖ్ గారి కమిటీ సలహా అమలుకు రాలేదు.

అంతలో 1962లో చైనా యుద్ధం వచ్చింది. 1963లో కళాశాల కుర్రవాళ్ళకు ఎన్.సి.సి. శిక్షణ తప్పనిసరి చేశారు. మన సంఘంలోని పెద్దల్లో కొందరికి ఆ ఖాకీ దుస్తులు, పొద్దున్నే పరేడు గుర్తుండే ఉంటాయి. కొన్నేళ్ళకే దానిలోని బలవంతం నిస్సారమయింది. 1968 నాటికి ఎన్.సి.సి. మళ్ళీ ఇష్టపడినవారికి మాత్రమే అయింది. దానికి ముందే, 1967 ఏప్రిల్‌లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక దారి చూపింది. ఎన్.సి.సి.లో చేరేవారు చేరవచ్చు. దానికి బదులుగా సేవా పథకంలో చేరవచ్చు. ఆటల్లో ప్రతిభ ఉన్నవారికి క్రీడల పథకం ఉంటుంది. తుపాకి పట్టి నేర్చుకునే శిక్షణకు బదులు గడ్డపార పట్టి చేసే సేవ అనే ఎంపిక అలా మన విద్యార్థి చేతికి వచ్చింది.

1969 సంవత్సరం దేశ్‌ముఖ్ గారి జీవితంలో విచిత్రమైనది. ఆ ఏడు ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. పోటీపడిన ముగ్గురు ప్రముఖులలో శ్రీ వి.వి. గిరి, శ్రీ నీలం సంజీవరెడ్డి తెలుగువారు. మూడవవారు దేశ్‌ముఖ్ గారు తెలుగింటి అల్లుడు. గిరి గారు కార్మిక నాయకుడు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును మంత్రివర్గం మార్చినందుకు నిరసనగా కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. అప్పుడు ఆర్థిక మంత్రి దేశ్‌ముఖ్ గారే. పదిహేనేళ్ళకు ఆ ఇద్దరూ ఎదురెదురయ్యారు. గిరి గారు గెలిచారు, దేశ్‌ముఖ్ గారు మూడవ స్థానంలో మిగిలారు. సుమారు నెల తర్వాత, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి డా. వి.కె.ఆర్.వి. రావు గారు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేలమంది విద్యార్థులతో మొదలయింది. ఆ ఏడు మన తెలంగాణలో విద్యార్థులు ప్రత్యేక రాష్ట్రం కోసం వీధుల్లోకి వచ్చి ఉన్నారు. యువకుల శక్తిని ఎవరు ఎటు నడిపించగలరు అన్న ప్రశ్న అప్పుడు పుస్తకాల్లోది కాదు, ప్రతి ఇంటిలోదీ.

దేశ్‌ముఖ్ గారు తలచింది తప్పనిసరి, వచ్చింది స్వచ్ఛందం. ఆయన అడిగింది ఏడాది. దక్కింది ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకు 240 గంటలు, మధ్యలో పల్లెలో ఒక క్యాంపు. సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన ఓడిపోయినట్టే కనిపిస్తుంది. కానీ నాటి 40 వేలు తర్వాత లక్షలకు చేరాయి. మంచిర్యాల, బెల్లంపల్లి కళాశాలల్లో చదివిన మన పిల్లల్లో కొందరు క్యాంపుకు వెళ్ళి, రోడ్లు వేసి, మొక్కలు నాటి, పెద్దలకు అక్షరాలు నేర్పి వచ్చినవారే. అంతదాకా ఇంట్లో చెంబెడు నీళ్ళు తోడని కుర్రవాడు అక్కడ పదిమందికి వండి పెట్టడం నేర్చుకున్నాడు.

గనిలో పనిచేసిన మనకు ఈ తేడా ఎవరూ వివరించనక్కర లేదు. మస్టర్ పడితే మనిషి వచ్చినట్టు లెక్క. మనసు వచ్చినట్టు కాదు. షిఫ్టు గంటలు నింపడం వేరు. పైకప్పు కూలిందని తెలిస్తే, డ్యూటీ దిగిపోయినవాడు కూడా టోపీ లైటు మళ్ళీ పెట్టుకుని లోపలి మనుషుల కోసం వెనక్కి పోవడం వేరు. రెండవదానికి ఏ సర్కులరూ అక్కరలేదు. దుర్గాబాయి గారు కాకినాడలో నిలబడ్డది ఆ రెండవ తీరున.

అయినా దేశ్‌ముఖ్ గారి మాటను తేలికగా కొట్టివేయరాదు. ఇష్టమున్నవారే రావాలంటే, ఎవరికి ఆ అనుభవం అన్నిటికంటే ఎక్కువ అవసరమో వారే రారు. సుఖంగా పెరిగినవాడు, మార్కుల వెంట పరుగెత్తేవాడు పల్లెను చూడకుండానే పెద్ద ఉద్యోగంలో కూర్చుంటాడు. ఆ కలవరానికి నేటికీ పూర్తి జవాబు దొరకలేదు. బలవంతం లేకుండా అందరినీ కదిలించడం ఎలాగన్నదే ఆయన మనకు మిగిల్చిన ప్రశ్న.

ఈ విషయంలో జర్మనీ అనుభవం తెలుసుకోదగినది. అక్కడ సైన్యం తప్పనిసరి కాగా, తుపాకి పట్టనన్న యువకులు 1961 నుండి ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో సేవ చేసేవారు. 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపివేశారు, దాంతో ఆ బదులు సేవ కూడా ఆగింది. దాని చోట స్వచ్ఛంద సేవను ప్రారంభించారు. దానిలో చేరడానికి పై వయోపరిమితి లేదు. రిటైరయినవారు కూడా వచ్చి చేరారు.

దేశ్‌ముఖ్ గారు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి 1962 నుండి 1967 వరకు వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ లభించింది. చివరి రోజులు హైదరాబాదులో గడిపారు. 1981 మే 9న దుర్గాబాయి గారు కన్నుమూశారు. 1982 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, 86 ఏళ్ళ వయసులో ఆయన హైదరాబాదులోనే తనువు చాలించారు. ఐ.సి.ఎస్. కొలువు ముగిసిన తర్వాత ఆయన చేసిన పని, కొలువులో ఉండగా చేసినదానికంటే తక్కువ కాదు. మన సంఘ సభ్యులు గమనించవలసింది ఇదే. రిటైర్మెంటుతో మన మస్టర్లు ఆగాయి. ఇకమీద మనం చేసే ఏ పనికయినా హుకుం లేదు, ఉన్నదంతా ఇష్టమే. కాలనీలో చదువు ఆగిన పిల్లవాడికి లెక్కలు చెప్పినా, వితంతువు పెన్షన్ కాగితాలు నింపి పెట్టినా, ఆసుపత్రిలో రోగి పక్కన ఒక పూట కూర్చున్నా, దేశ్‌ముఖ్ దంపతుల స్మృతికి అదే మనం సమర్పించే నివాళి.