డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కిన విద్యార్థి మహాశాస్త్రవేత్త అయినాడని చెప్పినప్పుడల్లా మా తరగతిలో వెనుక బెంచీల పిల్లలు తలలెత్తి చూస్తారు. ఆయనే 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వారి సోదరుడు పురుషోత్తం గారు స్ప్రూ వ్యాధితో మరణించారు. అది తిన్నది ఒంటబట్టనీయక, రక్తహీనతతో మనిషిని శుష్కింపజేసే పేగుల జబ్బు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, సుబ్బారావు గారు 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. వారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇందుకు దారిచూపినది ఒక సూక్ష్మజీవియే! లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా ఆ పదార్థం లేనిదే పెరగదు. అది పెరిగిన మేరను బట్టి పదార్థమెంత ఉన్నదో లెక్కగట్టేవారు.

వారి సారథ్యంలోనే డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆ ఔషధమే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1994లో సూరత్ ప్లేగు రోజులలో ఇంటింటా వినబడిన పేరు టెట్రాసైక్లిన్.

ఉష్ణదేశాల స్ప్రూలో చిన్నపేగున బాక్టీరియా మితిమీరి పెరుగుతాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. నేటికీ దానికిచ్చే మందులు రెండు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తోబుట్టువును బలిగొన్న వ్యాధికి వాడే కృత్రిమ ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి ఔషధమూ ఆయన ప్రయోగశాల నుండే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసులో, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని వారి పేరు పెట్టారు.